అర్థం తీసేసిన తెలుగు

ఆ రోజు వకుళ గీసిన అక్షరాలను ఒక్కరూ చూడలేదు. అందరూ చదువుతూ కూర్చున్నారు.

విశాఖపట్నంలో కొత్తగా రాబోతున్న ఒక వారపత్రిక కోసం ఆమె ఏడాదిపాటు కష్టపడి ఒక ఫాంటు తయారుచేసింది. ఒత్తులు కింది వరసకు తగలకుండా, గుడులు పక్క అక్షరం మీద పడకుండా ఒక్కో రూపాన్నీ చెక్కి చెక్కి తీర్చింది. నమూనా పుటలు అచ్చువేయించి పత్రికాఫీసు బల్ల మీద పరిచింది. పుటలు నింపడానికి ఏదో ఒక పాఠం కావాలి కాబట్టి, చేపల వేట నిషేధం గురించి ఎక్కడో దొరికిన వార్తను తెచ్చి నింపింది. అక్కడే పొరపాటు జరిగింది.

సంపాదకుడు కామేశం గారు కళ్లజోడు సర్దుకుని రెండు పేరాలు చదివారు. "ఇదేటమ్మా, నిషేధం ఎత్తేసిన రోజే పడవలన్నీ వేటకెళ్లిపోయాయని రాసేసేవు? ఆ రోజు గాలివాన హెచ్చరికుంది. ఒక్క పడవ కదిలితే ఒట్టు" అన్నారు. కొన్ని వెళ్లాయండీ అన్నాడు పక్కనున్న ఉపసంపాదకుడు. ఆ కాసిని పడవల మీద పెద్ద వాదనే నడిచింది.

"సార్, వార్త వదిలేయండి. అక్షరాలు ఎలా ఉన్నాయో చూడండి" అని వకుళ బతిమాలింది.

"కళ్ల ముందు తెలుగు పెట్టి చదవద్దంటే ఎలాగమ్మా? ఇలాంటప్పుడు ఇంగ్లీషోళ్లు ఏం చేస్తారేటి?"

"లాటిన్ నింపుతారండీ. ఎప్పటిదో ఒక పాత పుస్తకంలో బాధ గురించి రాసిన భాగం ఒకటుంది. అచ్చు పనివాళ్లు దాన్ని ముక్కలు చేసి, మాటలు విరగ్గొట్టి, అటూ ఇటూ కలిపేశారు. అందులో మొదటి మాటే, బాధ అనే మాటకి తల తీసేస్తే మిగిలిన మొండెం. చదవబోతే ఏమీ అర్థం కాదు. దాంతో కన్ను విసుగెత్తి అక్షరాల ఆకారం వైపు తిరుగుతుంది. అసలు రచన వచ్చేదాకా ఆ చోటుకి అది కాపలా."

కామేశం గారికి ఈ సంగతి నచ్చింది. "మరి మన తెలుక్కి అలాంటిది లేదా?"

"సరైనది లేదండీ. లాటిన్‌కి ఒత్తులుండవు కదా, అది మనకి పనికిరాదు."

"అయితే నువ్వే ఒకటి చేయించు. పుటల్లో అది నింపుకురా, అప్పుడు అక్షరాలు చూస్తాం" అంటూ ఆయన పుటలు మడిచి ఇచ్చేశారు.

*

ఊరి చివర కొండవాలు మీద ఉన్న వాక్‌శాస్త్ర ప్రయోగశాలను నడిపేది డాక్టర్ ఫిలోమినా. బాపట్ల మనిషి. యాభై దాటాయి. నవ్విందంటే వరండా చివరిదాకా వినిపిస్తుంది. వకుళ అడిగింది విని ముందు నవ్వింది, తరవాత ఆలోచనలో పడింది.

"అంటే తెలుగులా ఉండాలి, తెలుగు కాకూడదు. అంతేగా?"

"అచ్చం తెలుగే అయి ఉండాలండీ. అర్థం మాత్రం తీసేయాలి."

ఆమె దగ్గర ఒక యంత్రం ఉంది. సంతలో బేరాలు, బస్టాండులో ప్రకటనలు, కోర్టు సాక్ష్యాలు, గట్టు తగాదాలు, పిల్లల్ని నిద్రపుచ్చే తల్లుల గొణుగుళ్లు, ఇలా ఏళ్ల తరబడి పోగుచేసిన తెలుగంతా దానికి వినిపించారు. ఇప్పుడు దానికి కొత్త పని అప్పజెప్పారు. విన్నదాంట్లోంచి మాటలన్నీ రాల్చేసి, మిగిలింది మాత్రం ఉంచమన్నారు. ఏ అక్షరం పక్కన ఏది ఒదుగుతుంది, వాక్యం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, బతిమాలేటప్పుడు ఎలా వంగుతుంది, కసిరేటప్పుడు ఎలా విరుగుతుంది, ఆ నడక ఒక్కటే మిగలాలి. కొన్ని వారాలకు తెర మీద వరసలు పుట్టడం మొదలైంది.

"కొలువిత నేమరి సందిలె పేరుడు, వెలనిగ మానుత తోరెను. ఆవిడి కూరిత పొలమని నీరడు..."

వకుళ పైకి చదివింది. నోరు తెలుగు పలుకుతోంది, చెవి తెలుగు వింటోంది, బుద్ధికి మాత్రం ఏమీ చిక్కడం లేదు. బాగా తెలిసిన ఇంట్లోకి అడుగుపెడితే, గోడలన్నీ అలాగే ఉండి, సామాను మాత్రం ఎవరో ఎత్తుకుపోయినట్టుంది.

"దీన్ని పూరకం అందాం" అంది ఫిలోమినా. "చాలా? ఇంకా కావాలా?"

"రెండు పుస్తకాలకి సరిపడా ఇవ్వండి" అంది వకుళ సంతోషంగా.

*

వకుళ భర్త భానోజీ ఓడరేవు కంట్రోల్ గదిలో పనిచేసేవాడు. రేవులోకి వచ్చే ఓడలకు రేడియోలో దారి చెప్పడం అతని ఉద్యోగం. మంచి మాటకారి. రెండేళ్ల కిందట మెదడులో ఒక రక్తనాళం చిట్లింది. కాళ్లూ చేతులూ దక్కాయి. మాట పోయిందనడానికీ లేదు. ఇంతకుముందు కంటే ధారాళంగా మాట్లాడేవాడు. ప్రశ్నలు వేసేవాడు, జవాబు కోసం ఆగేవాడు, చేతులు తిప్పుతూ ఏవో కథలు చెప్పేవాడు. అందులో ఒక్క మాటా మాట కాదు. ఎదుటివాళ్లు చెప్పేదీ అతనికి అందేది కాదు. మాటనీ అర్థాన్నీ ముడివేసే చోటు దెబ్బతిందని, ఆ సంగతి అతనికే తెలియదని డాక్టర్లు చెప్పారు.

ఇంట్లో అందరికంటే ఎక్కువ నలిగింది కూతురు మేదిని. తొమ్మిదో తరగతి. రోజూ పొద్దున్న స్కూలుకు బయలుదేరుతుంటే భానోజీ అడ్డంగా నిలబడేవాడు. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, "తలిమిర వేనుడి" అనేవాడు. ఆగి, మళ్లీ అదే, ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా. చివరికి అతని గొంతు కోపంతో వణికేది. పిల్ల వదిలించుకుని ఏడుస్తూ మెట్లు దిగిపోయేది.

"నాన్నకి నేనంటే ఎందుకమ్మా అంత కోపం?" అని అడిగేది.

"కోపం కాదే, జబ్బు" అనేది వకుళ. ఆ జవాబు ఆమెకే చాలేది కాదు.

పూరకం తెచ్చిన వారం, ఒక ఆదివారం మధ్యాహ్నం వకుళ ముందుగదిలో కొత్త నమూనా పుటలు సరిచూసుకుంటోంది. పైకి చదువుతూ సరిచూడటం ఆమె అలవాటు. "సవిరని తోముడి కేలిత వారెను..." అని చదువుకుంటూ పోతోంది.

పడగ్గదిలో గ్లాసు కింద పడ్డ చప్పుడైంది.

భానోజీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆపేసరికి చేత్తో, చదువు, ఇంకా చదువు అన్నట్టు సైగ చేశాడు. ఆమె ఇంకో వరస చదివింది. అతను శ్రద్ధగా విన్నాడు. ఒక చోట ముఖం చిట్లించాడు, ఒక చోట ఫక్కున నవ్వాడు. వరస అయ్యాక ఏదో చిన్న ప్రశ్న అడిగాడు. ఆమె మాట్లాడకపోయేసరికి దగ్గరికొచ్చి, ఆమె ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

రెండేళ్లలో అతను ఒకరి మాట వినడం అదే మొదటిసారి.

*

"యాదృచ్ఛికం అయుండొచ్చు" అంది ఫిలోమినా. అలా అంటూనే పరీక్షకు గదులు సిద్ధం చేయించింది.

అలాంటి జబ్బే ఉన్న మరొకతన్ని ఒడిశాలోని గోపాలపురం నుంచి పిలిపించారు. పేరు బెహరా. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. అతనిది ఒరియా, తెలుగు ఒక్క ముక్కా నేర్చినవాడు కాడు. ఇప్పుడు అతని నోట్లోంచి వచ్చేదీ మాటల్లేని ఒరియానే. అతని భార్య వచ్చీరాని తెలుగులో, "ఈయన మాట నాకే తెలీదమ్మా, ఈ బాబుకి ఎట్లా తెలుస్తది?" అంది.

భానోజీని ఒక గదిలో, బెహరాను వేరే గదిలో కూర్చోబెట్టారు. మధ్యన గోడ, ఒక మైకు. భానోజీకి ఒక గొడుగు చూపించారు. అతను గొడుగు వంక చూసి తన ధోరణిలో ఏదో చెప్పాడు. అవతలి గదిలో బెహరా ముందు బల్ల మీద తాళంకప్ప, గొడుగు, దువ్వెన, నిమ్మకాయ, ఇంకా చాలా వస్తువులున్నాయి. బెహరా విన్నాడు. చెయ్యి చాపి గొడుగు తీసుకున్నాడు.

ఈసారి నిమ్మకాయ చూపించారు. బెహరా నిమ్మకాయ తీశాడు. వాసన చూసి ఏదో అన్నాడు. గోడకు ఇవతల భానోజీ పకపకా నవ్వాడు.

ఫిలోమినా వస్తువులు మార్చింది. చూపించే మనుషుల్ని మార్చింది. తానే వస్తువుల్ని తారుమారు చేసి, ఎవరికీ చెప్పకుండా మూత కింద దాచింది. ఎలా చేసినా భానోజీ చెప్పడం, బెహరా తీయడం తప్పలేదు. చివరికి ఆమె కుర్చీలో కూలబడింది.

"వకుళా, మనం అర్థం తీసేశామనుకున్నాం" అంది. "మాటలు తీశామమ్మా, అంతే. వాటి కింద ఇంకోటి ఉంది. తెలుక్కీ ఒరియాకీ ముందునుంచీ ఉన్నట్టుంది. పసిపిల్లలు ఉంగా ఉంగా అంటారే, అప్పుడు వాళ్లకి అదే తెలుసేమో. మాటలు రాగానే అది అడుక్కి పోతుంది. వీళ్లకి మాటలు పోయేసరికి అది మళ్లీ పైకి తేలింది."

అంటే ఈ రెండేళ్లూ భానోజీ పేలింది పేలాపన కాదు. రోజూ పొద్దున్న లేచింది మొదలు అతను మాట్లాడుతూనే ఉన్నాడు. వినే దిక్కు లేదు.

"నేను వినాలండీ" అంది వకుళ. "ఎలాగైనా సరే."

*

దారి ఉంది. ఫిలోమినా దాన్ని చెప్పడానికి ముందు చాలా తటపటాయించింది. ప్రయోగశాలలో ఒక అయస్కాంతపు టోపీ ఉంది. తలకు తొడిగి మీట నొక్కితే, ఎడమ కణత వెనక మాటల కోసం తడుముకునే చోటు కాసేపు నిద్రపోతుంది. పూరకం వినిపిస్తూ దాన్ని నిద్రపుచ్చితే అడుగునున్నది పైకి రావచ్చు. ఇంతవరకూ ఎవరి మీదా అంతసేపు వాడలేదు.

"నిద్రపోయింది లేవకపోతే?" అంది ఫిలోమినా.

"లేస్తుందిలెండి" అంది వకుళ.

టోపీ పెట్టారు. ఎదురుగా భానోజీ కూర్చున్నాడు. చెవుల్లో పూరకం సాగుతోంది. మొదట ఏమీ జరగలేదు. ఆ తరవాత గదిలోని వస్తువుల మీంచి పేర్లు ఒక్కొక్కటే ఊడిపోవడం మొదలైంది. కుర్చీ ఉంది, కుర్చీ అన్న మాట లేదు. కిటికీ పోయింది, వెలుతురు మిగిలింది. భయమేసి ఆమె భర్త వైపు చూసింది. అతను నోరు తెరిచి ఏదో అన్నాడు.

ఆమెకు అర్థమైంది.

ఎలాగో ఎవరూ వివరించలేరు. కడుపులో బిడ్డ కదిలినప్పుడు తల్లికి తెలిసినట్టు, ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆమె నోరు దానంతట అదే జవాబిచ్చింది. అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. చాలాసేపు ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు, నవ్వారు, ఒకసారి పోట్లాడుకున్నారు కూడా. అద్దం అవతల నిలబడి చూస్తున్న ఫిలోమినా కళ్లు తుడుచుకుంది.

టోపీ తీశాక ఫిలోమినా అడిగిన మొదటి ప్రశ్న, "ఏం చెప్పాడు?"

ఏదో గొప్ప సంగతి మాట్లాడుకున్నామని వకుళకు తెలుసు. అదేమిటో అందడం లేదు. ఏటిలో మెరిసిన గులకరాయిని పైకి తీస్తే, ఆరిపోయి మామూలు రాయైనట్టుంది.

"గుర్తు లేదండీ. కానీ... ఎంత బాగుందో" అని మాత్రం అనగలిగింది.

మళ్లీ వెళ్లింది. మళ్లీ మళ్లీ వెళ్లింది. అక్కడ ఉన్నంతసేపూ సంపూర్ణంగా తెలిసేది, బయటికి రాగానే జారిపోయేది. భానోజీ మాత్రం రోజురోజుకీ తేరుకుంటున్నాడు. అన్నం సరిగా తింటున్నాడు. ప్రయోగశాలకు వెళ్లే రోజున ముందే తల దువ్వుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

ఈలోగా వకుళకు మాటలు తప్పిపోసాగాయి. ఒక రోజు చెంచా అనబోతే మాట రాలేదు. ఇంకో రోజు కొట్టుకెళ్లి, ఏం కావాలమ్మా అంటే, తెల్లగా ఉంటుంది, కూరలో వేస్తారు అని చేత్తో చూపించింది. నవ్వుకుని ఊరుకుంది. ఒక సాయంత్రం వంటింట్లోంచి కూతుర్ని పిలవబోయింది. నోరు తెరిచింది. పేరు లేదు. పిల్ల ముఖం తెలుసు, పురిటినాటి వాసనతో సహా తెలుసు, పేరు మాత్రం ఎంత వెతికినా లేదు.

"ఏమ్మా, పిలుద్దామనుకుని ఆగిపోయావు?" అంటూ గుమ్మంలోంచి చూసిన మేదిని లోపలికొచ్చింది. తల్లి ముఖం చూసి బిత్తరపోయింది. "అమ్మా. నా పేరు చెప్పు."

వకుళ పెదవులు కదిలాయి.

"నా పేరు చెప్పమ్మా!"

తెల్లవారేసరికి పేరు తిరిగొచ్చింది. కానీ మేదిని ఆ రోజు స్కూలుకు వెళ్లలేదు. తల్లితో పాటు ప్రయోగశాలకు వచ్చి ఫిలోమినా ముందు నిలబడింది. "ఇంక ఆపేయండి మేడమ్. నాన్న ఎలాగూ అలా అయిపోయాడు. ఉన్న ఒక్క అమ్మ కూడా పోతే నేనెవరితో మాట్లాడాలి?" అంది. ఏడవలేదు. అది చూసి పెద్దవాళ్లిద్దరికీ మరీ కష్టమైంది.

ఫిలోమినా తలవంచుకుని నిజం చెప్పింది. ప్రతిసారీ ఆ చోటు లేవడానికి ఇంకాస్త ఎక్కువసేపు పడుతోంది. అక్కడి సంగతి గుర్తుండాలంటే అక్కడ చాలాసేపు ఉండాలి, లోపల అది కుదురుకునేదాకా. కానీ ఎంతసేపు ఉంటే ఇక్కడ అంత పోతుంది. "చదవడం తప్పకుండా పోతుంది. మాటలు కొన్నాళ్లకి రావచ్చు. అదీ నేను పూచీ పడలేను" అంది.

వకుళ కూతురి పక్కన కూర్చుంది. "నాన్న రోజూ నిన్నేమంటున్నాడో నీకు తెలియాలా, వద్దా?"

మేదిని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అక్కడికి వెళ్లి ఇన్ని రోజులుగా మాట్లాడుకుంటున్నాం. ఏదో చాలా ముఖ్యమైంది చెబుతున్నాడని నాకు తెలుసమ్మా. తీసుకురాలేకపోతున్నాను. ఒక్కసారి ఉండి, పట్టుకుని వచ్చేస్తాను. తరవాత ఇంక టోపీ ముట్టుకోను. నువ్వు వద్దంటే ఇప్పుడే ఇంటికి వెళ్లిపోదాం" అంది వకుళ.

పిల్ల చివరికి, "అడుగు" అంది. "నామీద ఎందుకు కోపమో అడుగు. కానీ వచ్చెయ్యాలి."

*

ఆ చివరిసారి వకుళ మధ్యాహ్నమంతా అక్కడే ఉంది. అక్కడ జరిగిన సంభాషణను తెలుగులోకి తెస్తే దాదాపు ఇలా ఉంటుంది.

"పిల్లంటే ఎందుకంత కోపం?" అని అడిగింది.

"దాని మీద కోపమా?" భానోజీ ఆశ్చర్యపోయాడు. "నా తల్లి మీద నాకు కోపమేంటి? భయం వకుళా. ఒక రోజు నేను ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి మీ ఇద్దరికీ మాట పడిపోయింది. మీకే కాదు, ఊరందరికీ. అందరూ ఏవేవో శబ్దాలు చేస్తున్నారు. ఏం జబ్బొచ్చిందో తెలియదు, డాక్టర్లకీ అదే జబ్బు. నేనొక్కణ్నే మిగిలాను. మిమ్మల్ని చూసుకోవడానికి నేను తప్ప ఎవరున్నారు? నువ్వు పెద్దదానివి, ఎలాగో నెట్టుకొస్తున్నావు. అది చిన్నపిల్ల. కనీసం దాని పేరైనా దానికి నేర్పుదామని రోజూ పొద్దున్నే చెబుతున్నాను. ఒక్కసారి అనమ్మా, నీ పేరు అను అని. అనడం లేదు. అది ఎప్పటికీ అనలేకపోతే, నేను పోయాక దాని గతేంటి?"

ఇన్నాళ్లూ ఇంట్లో రోగి అతననుకున్నారు. అతను మాత్రం ఇద్దరు రోగుల్ని కనిపెట్టుకుని ఉన్నాడు. విసుక్కోకుండా, ఒంటరిగా, ఊరంతటి జబ్బు మధ్యన.

అతనికి నిజం చెప్పాలా వద్దా అని ఆమె తల్లడిల్లింది. చెబితే గుండె పగులుతుందేమో. చెప్పకపోతే జీవితాంతం ఆ భయంతోనే ఉంటాడు. చివరికి చేతులు పట్టుకుని చెప్పేసింది. జబ్బు చేసింది మాకు కాదండీ, మీకు, అంది.

అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇటు తిరిగేసరికి ముఖం తడిగా ఉంది, కానీ రెండేళ్లుగా మోస్తున్న బరువేదో దించుకున్నట్టు భుజాలు వదులయ్యాయి.

"అయితే పిల్లకి మాటలు వచ్చా?"

"బాగా వచ్చండీ. క్లాసులో దాని నోటికి జడుస్తారు."

"ఊళ్లో అందరికీ వచ్చా?"

"అందరికీ."

"అమ్మయ్య" అన్నాడు. అతను నిజంగా ఆ మాటే అన్నాడు. కాసేపటికి, "మరి నేను మాట్లాడితే మీకెలా వినబడుతుంది?" అని అడిగాడు.

"తెలుగులాగే ఉంటుంది. అర్థం ఇంకా వచ్చి చేరనట్టు."

అతను నవ్వాడు. వెంటనే నవ్వు ఆగిపోయింది. "పాపం, రోజూ దాన్ని భయపెట్టాను" అన్నాడు. ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. ఆమె మాటల నడుమ ఏం వినిపించిందో ఏమో, "నువ్వు ఇక్కడికి రావడానికి ఏదో పోగొట్టుకుంటున్నావు. ఇంక రాకు. పిల్ల అటువైపుంది" అన్నాడు.

*

టోపీ తీసేసరికి వకుళకు ఏ మాటా లేదు. కూతుర్ని చూసి చేతులు చాచింది, నోట్లోంచి పూరకం వచ్చింది. మేదిని ఆమెను వాటేసుకుని, "వచ్చేశావు కదా, వచ్చేశావు కదా" అంటూనే ఉంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

ఆ తరవాతి వారాలు ఆ పిల్ల ఎలా గడిపిందో ఆ పిల్లకే తెలియాలి. ఇంట్లో ఇద్దరూ మాటలేనివాళ్లే. ఫిలోమినా తన బట్టలు సర్దుకుని వచ్చి వాళ్లింట్లో ఉండిపోయింది. వంట చేసింది, పిల్లకు పాఠాలు చెప్పింది, పక్కింటివాళ్లు ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే, "నా తప్పే" అని ఊరుకుంది. భానోజీ మాత్రం మారిపోయాడు. గుమ్మంలో అడ్డం నిలబడటం మానేశాడు. పొద్దున్న పిల్ల వెళుతుంటే పక్కకు తప్పుకుని, తల దించుకునేవాడు.

వకుళకు మాటలు ఒకటీ అరా రావడం మొదలైంది. నీళ్లు. తలుపు. అమ్మ. చాలినన్ని మాటలు పోగవగానే మొదట చేసిన పని, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చెమటలు పడుతుంటే ఒక్కో మాటే వెతుక్కుంటూ చెప్పింది.

"నాన్న... కోపం కాదు. నీ పేరు. నీ పేరు నీకు... నేర్పుతున్నాడు. మనకి జబ్బు... అనుకున్నాడు. మనల్ని... చూసుకున్నాడు."

మేదిని లేచి వరండాలోకి వెళ్లింది. భానోజీ అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పిల్ల అతని ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, అతని చెయ్యి తీసి తన గడ్డం కింద పెట్టుకుంది.

"తలిమిర వేనుడి" అంది స్పష్టంగా.

భానోజీ పెట్టిన కేకకు వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు.

*

వకుళకు మాటలు చాలావరకు తిరిగొచ్చాయి. చదువు రాలేదు. అక్షరాలు కనిపిస్తాయి. వంపులు, సున్నాలు, ఒత్తులు అన్నీ ఇంతకుముందు కంటే అందంగా కనిపిస్తాయి. అవి ఏం చెబుతున్నాయో మాత్రం కూడబలుక్కుంటే గానీ తేలదు. కామేశం గారి పత్రిక ఆమె ఫాంటుతోనే వచ్చింది. మొదటి సంచిక ఇంటికొచ్చిన రోజు ఆమె పుటలన్నీ తిప్పి చూసి, బాగా వచ్చాయని సంతోషపడింది. వార్తలు మేదిని చదివి వినిపించింది. అక్షరాలు గీయడం ఆమె మానలేదు, ఉత్తరప్రత్యుత్తరాలన్నీ పిల్ల చూసుకుంటోంది. అప్పుడప్పుడూ ఒక్కతే కూర్చున్నప్పుడు మాత్రం, సగం చదివి వదిలేసిన పుస్తకం ఒకటి గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

ఫిలోమినా టోపీని విప్పి ముక్కలు చేయించింది. ఆ గది గోడలు పడగొట్టించి పెద్ద హాలు చేయించింది. ఇలాంటి జబ్బున్నవాళ్లు ఎక్కడున్నా తీసుకురమ్మని కబురుపెట్టింది. మొదటి ఆదివారం నాడు శ్రీకాకుళం నుంచి, కోరాపుట్ నుంచి, రాజమండ్రి నుంచి మనుషులొచ్చారు. గోపాలపురం నుంచి బెహరా వచ్చాడు. అందరూ ఎవరి మూల వాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గర బెరుగ్గా నిలబడ్డారు.

మొదట బెహరా భానోజీని చూసి ఏదో కేకేశాడు. భానోజీ జవాబిచ్చాడు. మూలన కూర్చున్న ఒక టీచరమ్మ చివ్వున తలెత్తింది. ఆమె ఒక మాట అంది. నలుగురు ఆమె వైపు తిరిగారు. ఆ తరవాత ఏ గొంతు ఎవరిదో తెలియలేదు. తెలుగు నడకలు, ఒరియా నడకలు, ఒక మూల ఎవరిదో కోయ నడక, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి హాలు కప్పు దాకా లేచాయి. ఏళ్ల తరబడి గొంతులో ఆగిపోయిందంతా ఒక్కసారి కట్ట తెగినట్టుంది. తలుపు దగ్గర ఒక రైతు, "మా ఆడమనిషి నవ్వుతోందండీ. నవ్వుతోంది చూడండి" అని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు.

వకుళ గోడకు ఆనుకుని నిలబడి విన్నది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా సముద్రం ముందు నిలబడ్డప్పటిలా గుండె నిండిపోయింది. ఇంత లోతు మనుషులందరి అడుగునా ఉందా అనుకుంది.

భానోజీ లేచి నిలబడ్డాడు. హాలు నెమ్మదించింది. అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దగా చేతులు తిప్పలేదు. ఒకచోట గొంతు తగ్గింది, ఒకచోట ఆగిపోయి మళ్లీ సాగింది. చెప్పడం అయిపోయాక వకుళ వైపు చూశాడు. హాల్లో ఉన్నవాళ్లందరూ తిరిగి ఆమెను చూశారు.

"నీ గురించేనమ్మా" అని మేదిని గుసగుసగా అంది. "ఏం చెప్పాడంటావు?"

"తెలీదే."

ఒక ముసలావిడ లేచి, కర్ర ఆనించుకుంటూ మెల్లగా వచ్చింది. ఆమె వెనకే టీచరమ్మ, బెహరా, ఇంకా కొందరు లేచారు. ముసలావిడ వకుళ రెండు చేతులూ పట్టుకుని, కళ్లలోకి చూస్తూ చాలాసేపు మాట్లాడింది.

వకుళ కదలకుండా చివరిదాకా విన్నది.